మీట నొక్కి వెళ్ళిపోదామనుకున్న పాట

1980ల తొలినాళ్ళలో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరానికి చెందిన నలుగురు వాద్యకారులకు ఒక చిక్కు వచ్చిపడింది. కచేరీ ముగిసినా శ్రోతలు కదలరు. ఇంకొక్క పాట, ఇంకొక్క పాట అంటూ కేకలు వేస్తారు. వీరికేమో ఒకసారి దిగిన వేదికను మళ్ళీ ఎక్కడమంటే గిట్టదు. దానితో కొన్నిచోట్ల సభలు రసాభాస అయ్యాయి. అప్పుడు వారికొక ఉపాయం తట్టిందట. మనుషుల ప్రమేయం లేకుండా యంత్రాలే తమంతట తాము వాయించుకునే పాట ఒకటి కట్టిపెట్టుకుంటే? ఎవరో ఒకరు వచ్చి మీట నొక్కి లోపలికి వెళ్ళిపోవచ్చు. జనానికి పాట దక్కుతుంది, వీరికి విశ్రాంతి దక్కుతుంది.

ఆ బృందం పేరు న్యూ ఆర్డర్. ఆ ఉపాయంలోంచి పుట్టిన పాట ‘బ్లూ మండే’. 1983 మార్చి 7న పన్నెండంగుళాల రికార్డుగా వెలువడింది. ప్రపంచంలో ఆ కొలత సింగిల్ రికార్డుల్లో అత్యధికంగా అమ్ముడుపోయినది ఇదేనని నేటికీ చెప్పుకుంటారు.

పైన ‘తట్టిందట’ అన్నాను, గమనించారా? ఈ కథ రాయబోయే వారెవరైనా ఆ ‘ట’ను చేతిలో పట్టుకునే కూర్చోవాలి. నలుగురిలో ముగ్గురు స్వీయచరిత్రలు రాసుకున్నారు. గాయకుడు బెర్నార్డ్ సమ్నర్ పుస్తకం 2014లో, బాస్ గిటారు వాయించిన పీటర్ హుక్ పుస్తకం 2016లో వచ్చాయి. డ్రమ్ములు వాయించిన స్టీఫెన్ మారిస్ 2019, 2020 సంవత్సరాల్లో రెండు సంపుటాలు వెలువరించాడు. హుక్ 2007లో బృందంతో తెగదెంపులు చేసుకున్నాడు. పేరు మీద, రాబడి మీద నడిచిన వ్యాజ్యం 2017లో గానీ రాజీకి రాలేదు. కనుక ఎవరి పుస్తకం తెరిచినా ఆ పుటల వెనుక న్యాయవాదుల నీడ కనబడుతూనే ఉంటుంది. నాలుగో వ్యక్తి, కీబోర్డులు వాయించిన గిలియన్ గిల్బర్ట్ గురించి వారు ముగ్గురూ రాశారు. ఈ పాటలో ఆమె పాత్ర ఎంతటిదో ముందు ముందు చెబుతాను.

అసలు కథ పాటకు మూడేళ్ళ ముందు మొదలవుతుంది. అప్పటికి వీరి బృందం పేరు జాయ్ డివిజన్. 1976 జూన్‌లో మాంచెస్టరులోని లెసర్ ఫ్రీ ట్రేడ్ హాలులో సెక్స్ పిస్టల్స్ కచేరీ విని, ఈ మాత్రం మనమూ వాయించగలమన్న ధైర్యంతో పుట్టిన బృందాల్లో అదొకటి. గాయకుడు ఇయన్ కర్టిస్ మూర్ఛరోగి. జబ్బు ముదిరింది, కాపురం చెదిరింది, చికిత్స కోసం వాడిన మందులే మనిషిని కుంగదీశాయి. 1980 మే 19, సోమవారంనాడు బృందమంతా తొలిసారి అమెరికా యాత్రకు విమానం ఎక్కవలసి ఉంది. మే 18, ఆదివారం తెల్లవారుజామున మాకిల్స్‌ఫీల్డులోని తన ఇంట్లో కర్టిస్ ఉరి వేసుకున్నాడు. వయసు 23.

మిగిలినవారూ ఇరవైలలోనే ఉన్నారు. దుఃఖపడడం ఎలాగో కూడా తెలియని వయసు. నలుగురిలో ఎవరు వెళ్ళిపోయినా ఆ పేరు వాడకూడదని ముందే ఒక మాట అనుకుని ఉన్నారు. మాట నిలుపుకున్నారు, పేరు మార్చారు. కానీ పేరు మార్చినంత సులువుగా ఖాళీ పూడదు కదా. పాడవలసింది ఎవరు? ముగ్గురూ వంతులవారీగా ప్రయత్నించారు. చివరకు సమ్నర్‌కు ఆ పని అంటగట్టారు. అతడు పాడేటప్పుడు గిటారు వాయించలేడు, వాయించేటప్పుడు పాడలేడు. ఆ సెప్టెంబరులో అమెరికా వెళితే న్యూయార్కులో వాయిద్యాలన్నీ దొంగలపాలయ్యాయి. చేతులు ఇంకా కావాలని గిల్బర్ట్‌ను 1980 అక్టోబరులో చేర్చుకున్నారు. 1981 నవంబరులో వచ్చిన తొలి ఆల్బమ్ ‘మూవ్‌మెంట్’ వింటే, చనిపోయిన స్నేహితుడి చొక్కా తొడుక్కుని తిరుగుతున్న మనుషులు గుర్తొస్తారు. సమ్నర్ గొంతులో కర్టిస్ గొంతును వెతుకుతున్నట్టు ఉంటుంది. నాకు ఆ ఆల్బమ్ రెండోసారి వినబుద్ధి కాలేదు.

వారిని గట్టెక్కించినది రాక్ సంగీతం కాదు. రాక్ అభిమానులు అసహ్యించుకున్న డిస్కో. ఆ అసహ్యం ఎంతటిదో తెలియాలంటే ఒక్క సంఘటన చెప్పాలి. 1979 జులై 12న చికాగో కమిస్కీ పార్కు బేస్‌బాల్ మైదానంలో, ఒక రేడియో వ్యాఖ్యాత పిలుపు మీద డిస్కో రికార్డులను పెట్టెలో పోసి పేల్చివేశారు. వేలాది జనం మైదానంలోకి దూకి నానా బీభత్సం చేయడంతో రెండో ఆట జరగనే లేదు. ఆతిథ్యమిచ్చిన జట్టు ఆ ఆటను వదులుకోవలసి వచ్చింది. డిస్కోను పోషించినవారిలో ఎక్కువమంది నల్లజాతివారు, లాటిన్ జాతులవారు, స్వలింగప్రియులు. ఆ మంట వట్టి సంగీతం మీది విసుగేనని అనుకోవడం అమాయకత్వం అవుతుంది. ఆనాడు ఆ మైదానంలో ప్రేక్షకులకు సీట్లు చూపే పనిలో ఉన్న విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రవాడు, తర్వాత చికాగోలో హౌస్ సంగీతానికి ఆద్యుల్లో ఒకడయ్యాడు. చరిత్ర అప్పుడప్పుడు ఇలాంటి కొంటె పనులు చేస్తుంది.

న్యూ ఆర్డర్ సభ్యులు ఆ తర్వాత రెండేళ్ళకు న్యూయార్కు క్లబ్బుల్లో తెల్లవార్లూ గడపసాగారు. అక్కడ గాయకుడు లేడు, వేదిక లేదు, అందరి చూపులూ గుచ్చుకునే ఆ ఒక్క చోటూ లేదు. ఉన్నది చీకటి, తాళం, కదిలే జనం. ముందు నిలబడవలసిన మనిషి పోయిన బృందానికి, ముందు ఎవరూ నిలబడనక్కరలేని సంగీతం దొరికింది. అది వారిని ఎందుకంత ఆకర్షించిందో ఏ స్వీయచరిత్రా సూటిగా చెప్పదు. నా మటుకు నాకు ఇదే కారణమనిపిస్తుంది.

సరే, యంత్రాల సంగతికి వద్దాం. సమ్నర్‌కు చేతిపని మీద మోజు ఎక్కువ. జాయ్ డివిజన్ రోజుల్లోనే ఎలక్ట్రానిక్స్ పత్రికలో వచ్చిన నమూనా చూసి, విడిభాగాలు తెప్పించుకుని, పవర్‌ట్రాన్ కంపెనీవారి సింథసైజరును సొంతంగా అతికి తయారుచేసుకున్నాడు. ఇప్పుడు అదే కంపెనీవారి సీక్వెన్సరును కూడా అలాగే కూర్చాడు. సీక్వెన్సరు అంటే స్వరాల వరుసను గుర్తుపెట్టుకుని, చెప్పినప్పుడు తప్పకుండా ఒప్పజెప్పే పెట్టె. అది తనకు తాను మోగదు, మూగ్ సోర్సు అనే సింథసైజరుకు ఏ స్వరం ఎప్పుడు పలకాలో చెబుతుంది, అంతే. తాళానికి ఒబర్‌హైమ్ కంపెనీవారి డీఎంఎక్స్ అనే డ్రమ్ యంత్రాన్ని కొన్నారు. అందులో నిజమైన డ్రమ్ముల శబ్దాలను చిప్పుల్లో నిక్షిప్తం చేసి ఉంచారు.

చిక్కల్లా ఏమంటే ఈ రెండు యంత్రాలకూ ఒకదాని భాష మరొకదానికి రాదు. వేర్వేరు కంపెనీల వాయిద్యాలు మాట్లాడుకోవడానికి మిడి అనే ఉమ్మడి భాష 1983 జనవరిలోగానీ బహిరంగంగా ప్రదర్శనకు రాలేదు. ఈ పాట రికార్డింగు 1982లోనే మొదలైంది. అందుచేత ఒక ఎలక్ట్రానిక్స్ నిపుణుడి చేత ప్రత్యేకంగా సర్క్యూటు గీయించి, డ్రమ్ యంత్రపు గడియారం దెబ్బకు సీక్వెన్సరు అడుగు వేసేలా ముడి పెట్టించారు. మృదంగం చెప్పినట్టు వీణ నడవాలన్న ఏర్పాటు. ఈ రోజు చేతి ఫోనులో పదేళ్ళ పిల్లవాడు అరగంటలో చేయగల పనికి అప్పుడు వారాలు పట్టింది.

ఇక్కడే గిల్బర్ట్ వస్తుంది. సీక్వెన్సరుకు స్వరాలను వాయించి నేర్పడం కుదరదు. ఒక్కొక్క స్వరం, దాని నిడివి, తర్వాతి విరామం అన్నీ అంకెలుగా వరుసగా ఎక్కించాలి. ఆమె కాగితాలను ఒకదానికొకటి అతికించి, ఊలు అల్లికకు నమూనా రాసుకున్నట్టు, పాట మొత్తాన్నీ బారెడు పొడవున రాసుకుంది. ఎక్కించేటప్పుడు ఎక్కడో ఒక స్వరం జారిపోయింది. దానితో సింథసైజరు వరుస తాళం నుంచి కొద్దిగా పక్కకు తప్పుకుంది. సరిదిద్దవచ్చు, కానీ విన్నాక అదే బాగుందనిపించి ఉంచేశారు. యంత్రం పొరపాటు చేయలేదు, చెప్పినది చెప్పినట్టు చేసింది. పొరపాటు మనిషిది. పాట అంతా గడియారంలా నడుస్తున్నా ఎక్కడో ఏదో కుదురుగా లేదన్న అలజడి శ్రోతకు కలిగేది ఆ జారిన స్వరం వల్లనే. తెలుసుకుని వింటే, ఇక ఆ ఒరుపు చెవిని వదలదు.

మరో ప్రమాదం కూడా జరిగిందని హుక్ రాస్తాడు. మారిస్ ఎంతో శ్రమపడి తయారుచేసిన డ్రమ్ములవరుస, ఎవరి కాలో తగిలి కరెంటు తీగ ఊడడంతో యంత్రం జ్ఞాపకంలోంచి మొత్తం తుడిచిపెట్టుకుపోయిందట. తిరిగి గుర్తుతెచ్చుకుని చేసినదే మనం వింటున్నది. మొదటిది ఇంకా బాగుండేదని హుక్ వాదన. పోయిన దానికి అంత మెరుపు ఉండడం లోకసహజం కనుక నేను ఈ వాదనను అంతగా పట్టించుకోను.

అరువు తెచ్చుకున్నవాటి సంగతి మాత్రం నలుగురూ దాచలేదు. అది వారి మర్యాద. పాట కట్టుబడి ఇటలీ బృందం క్లైన్ అండ్ ఎంబీఓ 1982లో చేసిన ‘డర్టీ టాక్’ను తలపిస్తుంది. మంద్రస్థాయి వరుసలో సిల్వెస్టర్ 1978 పాట ‘యూ మేక్ మి ఫీల్’ జాడ ఉంది. డ్రమ్ముల పోకడలో డోనా సమ్మర్ ‘అవర్ లవ్’ ఉంది. నడుమ ఆకాశంలోంచి దిగినట్టు వినిపించే బృందగానం జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్ 1975లో చేసిన ‘యురేనియం’లోనిది. దానిని ఎమ్యులేటరు అనే కొత్త యంత్రంతో పట్టుకున్నారు. ఏ శబ్దాన్నైనా ఫ్లాపీ డిస్కులో పట్టి మీటల మీద వాయించుకోనిచ్చే ఆ ఖరీదైన యంత్రాన్ని నేర్చుకోవడానికి మారిస్, గిల్బర్ట్‌లు మొదట పట్టిన శబ్దాలు పెద్దల ఎదుట చెప్పతగినవి కావు. అపానవాయువు అని గ్రాంథికంగా చెప్పి ఊరుకుంటాను. హుక్ గిటారు మీద వాయించిన వరుసకు ప్రేరణ కౌబాయ్ చిత్రాల సంగీతకర్త ఎన్నియో మోరికోనే. ఇన్ని చోట్ల నుంచి తెచ్చిన సరుకుతో వండినా, చివరకు ఆ వంట వాటిలో దేనిలాగానూ లేదు.

మొదటిసారి విన్నప్పుడు నేను రికార్డు గీత పడిందనుకున్నాను. విడివిడిగా కొన్ని దెబ్బలు, వెంటనే ఊపిరాడనివ్వని పరుగు, మళ్ళీ విడి దెబ్బలు. అలా డ్రమ్ యంత్రం ఒంటరిగా మోగుతూనే ఉంటుంది. ఒక్కొక్క వాయిద్యమే వచ్చి చేరుతుంది. రెండు నిమిషాలు దాటితేగానీ గొంతు వినబడదు. వినబడిన గొంతులోనూ ఉద్వేగమంటూ ఏమీ లేదు, తనకు జరిగినది వేరెవరికో జరిగినట్టు అప్పజెబుతుంది. ఏడున్నర నిమిషాల పాటలో పల్లవి అంటూ లేదు. మన చెవి పల్లవికి అలవాటు పడింది కదా. ఎంత దూరం వెళ్ళినా ఇంటికి తిరిగొస్తామన్న భరోసా అది. ఈ పాట ఆ భరోసా ఇవ్వదు. చివర్లో గొంతు మానుకున్నాక కూడా యంత్రాలు చాలాసేపు నడుస్తూనే ఉంటాయి.

రికార్డు అట్ట గురించి చెప్పకపోతే ఈ టపా చదివిన సంగీతాభిమానులు నన్ను క్షమించరు. చిత్రకారుడు పీటర్ సావిల్ వీరి దగ్గర ఎమ్యులేటరు తాలూకు ఐదుంబావు అంగుళాల ఫ్లాపీని చూశాడు. నల్లటి చదరం, మధ్య గుండ్రటి రంధ్రం. రికార్డు అట్టను అచ్చం దానిలాగే చేశాడు, రంధ్రాలు కోయించి మరీ. ముందు వైపు పాట పేరు లేదు, బృందం పేరు లేదు. అంచున రంగు గడులు మాత్రం ఉన్నాయి. ఒక్కొక్క రంగు ఒక్కొక్క అక్షరం. ఆ సంకేతానికి తాళంచెవి, తర్వాత మేలో వచ్చిన ‘పవర్, కరప్షన్ అండ్ లైస్’ ఆల్బమ్ వెనుక అట్ట మీద రంగుల చక్రం రూపంలో దొరుకుతుంది. ఇప్పటి పిల్లలకు ఆ అట్టనూ, అది పోలిన ఫ్లాపీనీ రెంటినీ పరిచయం చేయాలి.

ఆ రంధ్రాలు కోయించే ఖర్చు వల్ల అమ్మిన ప్రతి రికార్డు మీదా ఫ్యాక్టరీ రికార్డ్స్ సంస్థ నష్టపోయిందని పెద్ద కథ ప్రచారంలో ఉంది. ఒకరు ఐదు పెన్నీలంటారు, ఇంకొకరు పది పెన్నీలంటారు. చెప్పేవారిని బట్టి అంకె మారుతోందంటే అది లెక్కల పుస్తకంలోంచి వచ్చినది కాదన్నమాట. తొలి ముద్రణల అట్ట ఖరీదైనదన్న మాట నిజం. తర్వాతివాటికి రంధ్రాలు లేని మామూలు అట్టలే వేశారు. పిచ్చితనంతో నష్టపోయామని చెప్పుకోవడంలో ఒక విలాసం ఉంది. ఆ సంస్థ అధినేత టోనీ విల్సన్‌కు కథ నిజంకన్నా బాగుంటే కథనే చెప్పే అలవాటు.

రికార్డు మొదట బ్రిటిషు పట్టికలో 12వ స్థానం దాకా వెళ్ళింది. బీబీసీ వారి ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ కార్యక్రమంలో అందరూ ముందే రికార్డు చేసిన పాటకు పెదవులు కదిపి వెళ్ళేవారు. వీరు పట్టుబట్టి ప్రత్యక్షంగా వాయించారు, యంత్రాలు మొండికేసి అభాసుపాలయ్యారు. మనుషులు అక్కరలేదనుకున్న పాటకు మనుషులే కాపలా కాయవలసి వచ్చింది. అయినా వేసవిలో ఐరోపా విహారస్థలాల్లో ఆ పాటకు నాట్యమాడి వచ్చినవారు తిరిగొచ్చి కొనసాగారు. అక్టోబరులో మళ్ళీ లేచి 9వ స్థానానికి చేరింది. 1988లో క్విన్సీ జోన్స్ పర్యవేక్షణలో వచ్చిన కొత్త మిశ్రమం 3వ స్థానానికి వెళ్ళింది. బ్రిటనులో పదిలక్షలకు పైగా అమ్ముడైనా గోడకు తగిలించుకోవడానికి బంగారు రికార్డు రాలేదు. వాటినిచ్చే సంఘంలో ఫ్యాక్టరీకి సభ్యత్వమే లేదు.

ఆ డబ్బంతా ఏమైందన్నది ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా బాధించే ఘట్టం. 1982 మే 21న ఫ్యాక్టరీ, న్యూ ఆర్డర్ కలిసి మాంచెస్టరులో హాసియెండా అనే క్లబ్బును తెరిచారు. నాలుగైదేళ్ళపాటు ఆ విశాలమైన భవనం చాలా రాత్రులు ఈగలు తోలుకుంది. 1988 ప్రాంతంలో చికాగో హౌస్ సంగీతం వచ్చి కిటకిటలాడసాగింది. అయితే నాట్యానికి వచ్చిన కుర్రకారు మాదకద్రవ్యం మింగి మంచినీళ్ళు తాగేవారు. మద్యం అమ్మకం మీద బతకవలసిన క్లబ్బుకు ఆ జనమే గొడ్డలిపెట్టు అయింది. పైగా ముఠాల తుపాకులు. న్యూ ఆర్డర్ రికార్డుల రాబడి ఏళ్ళ తరబడి ఆ గోతిలోకి పోయింది. ఫ్యాక్టరీ 1992 నవంబరులో దివాలా తీసింది. ఒక పెద్ద కంపెనీ కొనడానికి ముందుకొచ్చింది కానీ, పాటల మీద హక్కులన్నీ కళాకారులవేనని విల్సన్ ఎప్పుడో తన రక్తంతో రాసిచ్చిన కాగితం ఒకటి ఉంది. కొనడానికి సంస్థ దగ్గర ఏమీ లేదని తేలింది. వ్యాపారికి అది తెలివితక్కువతనం. ఆ కాగితమే లేకుంటే ఈ నలుగురి పాటలు వారి చేతి నుంచి ఎప్పుడో జారిపోయేవి. 1997లో హాసియెండా మూతపడింది, 2002లో భవనాన్ని పడగొట్టి ఆ చోట అపార్టుమెంట్లు కట్టారు. వాటికీ అదే పేరు పెట్టుకున్నారు.

ఇక పేరు మాట. ఇంగ్లీషువారికి నీలం దిగులు రంగు, సోమవారం సెలవు తీరి పనిలోకి వెళ్ళే పాడు రోజు. శివుడి వారమని ఒంటిపూట ఉండే మనకు ఆ దిగులు వెంటనే తట్టదు. కర్టిస్ పోయినది ఆదివారం, మరునాడు సోమవారం వారు ఎక్కని విమానం ఉంది. కనుక ఈ పాట అతని గురించేనని చాలామంది అభిమానులు గట్టిగా నమ్ముతారు. రికార్డు విడుదలైన మార్చి 7 కూడా సోమవారమే. కానీ మారిస్ చదువుతున్న కర్ట్ వానెగట్ నవల ఉపశీర్షికలోంచి పేరు తీసుకున్నామని బృందం చెబుతూ వచ్చింది. మాటలకు ప్రత్యేకించి అర్థమేమీ లేదనీ అంటారు. నేను వారి మాటనే నమ్ముతాను. అర్థం ఉద్దేశించకపోయినా దుఃఖం వచ్చి కూర్చోగలదు, దానికి ఎవరూ పీట వేయనక్కరలేదు.

అన్నట్టు, వీరు యంత్రాలతో కుస్తీ పడుతున్న 1982లోనే బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అనే సినీ వాద్యకారుడు రోలాండ్ కంపెనీ సింథసైజరు, బాస్ యంత్రం, డ్రమ్ యంత్రం ముందేసుకుని పది హిందుస్తానీ రాగాలను డిస్కో తాళంలో వాయించి రికార్డు వెలువరించాడు. భైరవ్ రాగం (మన మాయామాళవగౌళ స్వరాలే) ఆ యంత్రాల మీద సుళ్ళు తిరగడం వింటే ఒళ్ళు ఝల్లుమంటుంది. అప్పుడు కొన్న నాథుడు లేడు. 2010లో ఆ రికార్డు మళ్ళీ విడుదలయ్యాక, అమెరికావారు తమదనుకున్న యాసిడ్ హౌస్ పోకడలు ఇందులో ముందే ఉన్నాయని లోకం ముక్కున వేలేసుకుంది. ఆయన 2015లో కన్నుమూశారు. ఆయనకూ మాంచెస్టరువారికీ ఏ సంబంధమూ లేదు. ఆ పెట్టెలకు ఏ ఊళ్ళోనైనా ఒకే రకం పిచ్చివాళ్ళు దొరికారు, అంతే.

2016 మార్చిలో, పాట వెలువడి 33 ఏళ్ళు నిండిన సందర్భాన, బీబీసీ వారి కోసం ఆర్కెస్ట్రా ఆబ్సొలీట్ అనే బృందం ముఖాలకు ముసుగులు వేసుకుని ‘బ్లూ మండే’ వాయించింది. 1930లలో దొరికే వాయిద్యాలే వాడాలన్నది నియమం. థెరిమిన్, వడ్రంగి రంపం, పియానో, మనకు బాగా తెలిసిన హార్మోనియం. విద్యుత్ యంత్రాలు వాయించిన ప్రతి వరుసనూ ఒక మనిషి కూర్చుని చేత్తో వాయించాడు. మీట నొక్కి వెళ్ళిపోవడానికి అక్కడ ఎవరికీ వీలు లేదు.